ఇష్టమైన వంట గురించి రాద్దాం: మా ఇంటి చోడి అంబలి చెప్పిన పాఠాలు



 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని పిలిచారు. మాకు పెద్ద ఉపన్యాసాలు రావు. టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా ఉంటున్నాం. పిల్లలకు వేళకు అన్నం పెట్టించడం, పక్కన కూర్చుని చదివించడం, రాయించడం మా పని. అందుకే తిండీ రాతా కలిసే విషయం ఎంచుకున్నాం. మనకు ఇష్టమైన ఒక వంట గురించి, ఇంటి జ్ఞాపకాలతోనూ, సొంతంగా వెతికి తెలుసుకున్న సంగతులతోనూ ఎలా రాయాలి? ఇదీ ఈ రోజు మన విషయం.

ఒక ఆదివారం సాయంత్రం హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలకు 'నాకు ఇష్టమైన వంట' అని ఒక పేజీ రాయమని చెప్పాం. చాలామంది చికెన్ బిర్యానీ రాశారు. కొందరు నూడుల్స్ రాశారు. ఏ పుస్తకం తెరిచినా ఒకటే మాట: 'బిర్యానీ చాలా రుచిగా ఉంటుంది, దానిని అందరూ ఇష్టపడతారు.' ఐదో వాక్యం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఎందుకంటే వాళ్లలో చాలామంది బిర్యానీ తిన్నది ఏడాదికి రెండు మూడు సార్లు. అది ఎవరు వండారో తెలియదు, ఎలా వండారో చూడలేదు.

ఒక అమ్మాయి మాత్రం ఏమీ రాయకుండా కూర్చుంది. అడిగితే, "మేడమ్, అంబలి గురించి రాయొచ్చా? అందరూ నవ్వరా?" అంది. ఆ మాట విని గదిలో నిజంగానే నలుగురు నవ్వారు. నవ్విన నలుగురూ సెలవులకు ఇంటికెళ్తే పొద్దున్నే తాగేది అంబలే. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. బస్టాండులోనో, కాలేజీలోనో ఎవరో మనల్ని చూసి నవ్వారు. ఆ నవ్వునే మనం ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ అమ్మాయిని రాయమన్నాం. రెండు పేజీలు రాసింది. కుండ ఎక్కడ పెడతారో, మూత మీద ఏ రాయి ఉంటుందో, తాత పనిలోకి వెళ్లేటప్పుడు ఆనపకాయ బుర్రలో ఎంత పోసుకుంటాడో, అన్నీ రాసింది. ఎవరూ నవ్వలేదు. చదవడం అయ్యాక మిగతా పిల్లలు, "మా ఇంట్లో అలా కాదు, ఇలా చేస్తారు" అని మొదలుపెట్టారు. ఆ రాత్రి స్టడీ అవర్ అంతా అంబలి చర్చతోనే గడిచింది.

ఇందులో మొదటి పాఠం ఉంది. మీకు తెలిసిన తిండి గురించి రాయండి. అది గొప్ప తిండి కానక్కర్లేదు. ఎవరు వండుతారో, ఏ కర్రతో కలుపుతారో, మాడితే ఎవరు ఎవరిని తిడతారో మీకు తెలిసిన తిండి అయితే చాలు. గెడ్డలో పట్టిన చేపల పులుసు కావచ్చు, అడవి గడ్డలు కావచ్చు, పనస గింజల కూర కావచ్చు, సామ అన్నం కావచ్చు. ఒకే వంట తీసుకోండి. 'గిరిజనుల ఆహారపు అలవాట్లు' అని మొదలుపెడితే అది పరీక్ష జవాబు అవుతుంది. 'మా మేనత్త వండే సామ అన్నం' అని మొదలుపెడితే అది మీ రాత అవుతుంది.

ఎలా చేయాలో చెప్పడానికి మా ఇంటి ఉదాహరణే ఇస్తాం. మాది పాడేరు మన్యంలో గెడ్డ పక్కన చిన్న ఊరు. మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. ఒక వేసవి సెలవుల్లో అందరం ఇంట్లో కలిసినప్పుడు నాయనమ్మ చేసే చోడి అంబలి గురించి కూర్చుని రాయాలనుకున్నాం. నాయనమ్మకు వయసు మీద పడింది. తిరగలి తిప్పే బలం లేదు గానీ నోట మాటకు లోటు లేదు. తమ్ముడు ఫోనులో రికార్డు చేస్తే, మేము నోటుబుక్కులో రాశాం.

చోళ్లంటే రాగులని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ సంచిక దూరాన ఉన్న మనవాళ్లూ చదువుతారు గనుక వంట పద్ధతి చెప్తాం. చోడి పిండిని రాత్రి కుండలో నీళ్లు పోసి ఉండ కట్టకుండా కలిపి మూత పెడతారు. తెల్లారేసరికి అది పులుస్తుంది. పొద్దున్న ఎసరు పెట్టి, కాసిని నూకలు వేసి ఉడకనిస్తారు. నూక మెత్తబడ్డాక పులిసిన పిండి పోస్తూ, అడుగంటకుండా కర్రతో కలుపుతూనే ఉంటారు. రంగు ముదిరి, బుడగలు వచ్చి, పచ్చి వాసన పోయాక దించుతారు. చల్లారాక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగుతారు. ఉప్పు ఎవరి ఇష్టం వారిది.

ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అసలు సంగతి ప్రశ్నలు అడగడంలో ఉంది.

"నాయనమ్మా, అంబలి ఎలా చేస్తావు?" అని అడిగితే రెండు ముక్కల్లో జవాబు వచ్చింది: "ఏటుంది, పిండి కలిపి ఉడకెట్టడమే." పెద్దవాళ్లకు చేతితో తెలిసిన పనిని నోటితో చెప్పడం కష్టం. అందుకని ప్రశ్నలు మార్చాం. పిండి ఎవరు విసిరేవారు? ఏ వేళకు? ఇంట్లో అందరి తర్వాత ఎవరు తాగేవారు? కుండ కొత్తదైతే ఏం చేసేవారు? పిండి లేని రోజు ఏం చేసేవారు? ఈ ప్రశ్నలకు నాయనమ్మ రెండు పూటలు మాట్లాడింది. తొలికోడి కూయకముందే ఆడవాళ్లు తిరగలి దగ్గర కూర్చునేవారట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పేవారట. ఆ వేళ అత్త లేవకముందు కోడళ్లు మనసులో మాట చెప్పుకునేది అక్కడేనట. అంబలి కథలో మా ఇంటి కోడళ్ల స్నేహం ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. నాయనమ్మ అంబలిలో సామ నూక వేయాలంది. అమ్మ, "కాదు, బియ్యం నూకే వేసేవాళ్లం" అంది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వండినవాళ్లే. మా మేనత్తను అడిగితే ఆవిడ నాయనమ్మ మాటే నిజమంది. పిన్ని అమ్మ మాటే నిజమంది. ఇంట్లో పంచాయతీ పెట్టినట్టయింది. ఇలాంటి చోట చాలామంది ఒకరి మాట ఉంచి ఇంకొకరి మాట కొట్టేస్తారు. తొందరపడి అలా కొట్టేయకండి. ఇద్దరు పెద్దవాళ్లు రెండు మాటలు చెప్పినప్పుడు, ఆ రెంటి మధ్యా ఏదో జరిగి ఉండొచ్చు. అదేమిటో వెతకడాన్నే పరిశోధన అంటాం.

వెతికాం. అమ్మను ఇంకాస్త అడిగితే, "మీ పెద్దక్క పుట్టిన మరుసటేడు డిపోలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. అప్పటినుంచి ఇంట్లో బియ్యం ఉండేవి" అంది. అక్కడ మాకు తీగ దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది 1983లో. మన కొండల్లో రేషన్ ఇచ్చేది జీసీసీ డిపోలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థే అది. చింతపండు, అడ్డాకులు మన దగ్గర కొనేదీ అదే. ఇక లెక్క తేలింది. నాయనమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో సామ నూకే ఉంది. అమ్మ వంట చేతికి తీసుకున్నాక బియ్యం నూక వచ్చింది. ఇద్దరి మాటా నిజమే. పథకం 1983లో మొదలైనా మా ఊరి డిపోకు ఎప్పుడు చేరిందో కాగితం దొరకలేదు కాబట్టి, మా రాతలో '1983 తర్వాత' అని మాత్రమే రాశాం. తెలిసినంతవరకే రాయడం కూడా పరిశోధనలో భాగమే.

పెద్దక్క పుట్టిన సంవత్సరం సర్టిఫికెట్‌లో చూస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. మన వైపు పాత బడి సర్టిఫికెట్లలో పుట్టిన తేదీలు చాలావరకు మాస్టారు అంచనాగా వేసినవే కదా! అందుకని మన పెద్దవాళ్ల జ్ఞాపకాలకు సంవత్సరం కట్టాలంటే అందరికీ తెలిసిన సంఘటన ఒకటి పట్టుకోండి. రెండు రూపాయల బియ్యం 1983. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12. మన అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4. "అది తుఫానుకు ముందా, తర్వాతా?" అని అడిగితే తాతలు ఠక్కున చెప్తారు. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు కష్టమైన సంగతి చెప్పాలి. వానాకాలంలో, పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలల్లో ఏం తాగేవారని అడిగినప్పుడు నాయనమ్మ, "టెంక అంబలి" అంది. ఆ మాట వినగానే అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి తీసి, వగరు పోయేదాకా బుట్టలో కట్టి గెడ్డ నీటి పారులో ఉంచి, ఎండబెట్టి, దంచి, ఆ పిండితో కాచే అంబలి అది. ఈ పందిరి కింద కూర్చున్న పెద్దల్లో చాలామంది తాగి ఉంటారు.

అమ్మ ఆ రాత్రి మమ్మల్ని పిలిచి అడిగింది: "అవన్నీ రాస్తారా? రేపు మీ పిల్లలు చదివితే ఏటనుకుంటారు?" వద్దంటే రాయమని చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "రాయండి. ఆకలికి తాగింది ఆకలికి తాగామనే రాయండి. రుచికి తాగామని మాత్రం రాయకండి. టెంక ఎన్ని రోజులు కడిగామో అది కూడా రాయండి."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అమ్మ చెప్పిన ఈ మాట మాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. ఈ రోజుల్లో మన తిండి గురించి పట్నంవాళ్లు రాసే రాతల్లో అంతా అందంగా ఉంటుంది. కొండలు, పొగమంచు, మట్టికుండ, ఆరోగ్యం. మా అమ్మకు అంబలి అంటే ఇప్పటికీ ఇష్టం లేదు. ఆవిడకు తెల్లని అన్నం ఇష్టం. చిన్నప్పుడు పండక్కి మాత్రమే దొరికిన అన్నం అది. నాయనమ్మకు అంబలి గర్వం, అమ్మకు అంబలి ఆకలి, మాకు అంబలి సెలవులు. ఒకే కుండలోది, మూడు తరాలకు మూడు రకాలు. మూడూ రాయాలి. ఒకటి దాచి ఒకటి రాస్తే ఆ రాత మన ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు.

టెంక ఎన్ని రోజులు కడిగారో రాయమని అమ్మ ఎందుకందో మేము తర్వాత చదివి తెలుసుకున్నాం. 2001లో మన సరిహద్దుకు అవతల, ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక అంబలి తాగి గిరిజనులు చనిపోయారన్న వార్తలు దేశమంతా వచ్చాయి. వానల్లో టెంకకు బూజు పడితే అది విషం. అప్పుడు చాలామంది 'వాళ్లకు తినడం తెలియదు' అన్నట్టు మాట్లాడారు. మా అమ్మ కడుగుడు లెక్క చెప్పింది అందుకే. మనవాళ్లకు కడగడం తెలుసు, ఎండబెట్టడం తెలుసు. వానలు వదలకపోతే, ఇంట్లో ఇంకేమీ లేకపోతే, తెలిసిన పద్ధతి కూడా కాపాడలేదు. ఈ మాట మన ఇళ్ల నుంచి రాకపోతే ఇంకెవరూ రాయరు. మరొక మాట: ఇది చదివి ఎవరూ సరదాకు టెంక అంబలి కాచకండి.

జ్ఞాపకాల సంగతి ఇది. ఇక పుస్తకాల దగ్గరికి వెళ్దాం. ఇంటి మాటను పుస్తకంతో సరిచూడాలి, పుస్తకం మాటను ఇంటితో సరిచూడాలి. మేము నాలుగు సంగతులు సరిచూశాం.

మొదటిది పేరు. మనం చోళ్లంటాం, చోడి అంటాం. తెలంగాణలో తైదలంటారు. రాయలసీమలో రాగులంటారు, అక్కడ సంకటి చేస్తారు. ఫోనులో 'రాగి' అని ఒక్క మాట కొట్టి వెతికితే రాగి చెంబులు, రాగి బిందెలు కూడా వచ్చి పడతాయి! కాబట్టి ఒకే పంటకున్న అన్ని పేర్లూ రాసిపెట్టుకుని వెతకండి. విశాఖపట్నం జిల్లా మీద దొరల కాలంలో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలున్నాయి. కార్మైకేల్ రాసిన మాన్యువల్ 1869 నాటిది, ఫ్రాన్సిస్ రాసిన గెజిటీర్ 1907 నాటిది. మద్రాసు ప్రభుత్వపు పాత పుస్తకాల్లో 'చోళం' అనే పంట పేరు కనిపిస్తే అది మన చోళ్లని సంబరపడిపోకండి. అది తమిళ మాట, దాని అర్థం జొన్న. మన చోళ్లను వాళ్లు రాగి అనే రాశారు. ఈ చిన్న తేడా తెలియకపోతే వ్యాసం మొత్తం జొన్నచేనులోకి వెళ్లిపోతుంది. ఇంకో సంగతి, ఆ పుస్తకాలు జిల్లా పాలన కోసం అధికారులు రాసుకున్నవి. ఏం పండుతుంది, వానెంత పడుతుంది, పన్నెంత వస్తుంది అన్నవి వాటిలో వెతకొచ్చు. తిరగలి దగ్గర కోడళ్లు ఏం మాట్లాడుకున్నారో వాటిలో దొరకదు. అది మీరు రాయాలి.

రెండోది పుట్టుక. 'చోడి మన కొండల్లోనే పుట్టింది' అని మా తమ్ముడు గట్టిగా నమ్మాడు. శాస్త్రవేత్తలు చెప్పేదాని ప్రకారం ఈ పంట మొదట సాగులోకి వచ్చింది తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో, ఇథియోపియా, ఉగాండా వైపు. అక్కడి నుంచి వేల ఏళ్ల క్రితమే మన దేశానికి చేరింది. దాని శాస్త్రీయ నామం ఎల్యూసిన్ కొరకానా. అందులో కొరకానా అన్నది సింహళ భాషలో చోళ్లకున్న 'కురక్కన్' అనే పేరు నుంచి వచ్చింది. తమ్ముడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నాయనమ్మ మాత్రం, "కోడలు కూడా ఎక్కడో పుడతాది. ఈ ఇంటిది కాదా?" అంది. ఎక్కడో పుట్టిన గింజను మన వాలు నేలకు, మన వానకు అలవాటు చేసింది మన పెద్దలే. ముందు పండేది, ఆలస్యంగా పండేది, పిడికిలిలా ముడుచుకున్న వెన్ను, వేళ్లు చాపినట్టున్న వెన్ను, ఇవన్నీ విడివిడిగా చూసి, మంచి వెన్నులు విత్తనానికి ఏరి పక్కన పెట్టినవాళ్లు వాళ్లే.

మూడోది బలం. 'అన్నిట్లోనూ బియ్యం కంటే చోళ్లే మేలు' అని ఈ మధ్య అందరూ అంటున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూశాం. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 8 కూడా లేదు. ఇనుము చోళ్లలో 4.6 మిల్లీగ్రాములు, బియ్యంలో 1 లోపే. పీచు చోళ్లలో 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. కానీ మాంసకృత్తులు చూస్తే చోళ్లలో 7.2 గ్రాములు, బియ్యంలో 7.9. ఇక్కడ బియ్యమే కొంచెం ముందుంది. అది కూడా రాయండి. మనకు నచ్చిన మూడు అంకెలు రాసి నచ్చని నాలుగోది వదిలేస్తే, చదివేవాడు తర్వాత మొదటి మూడూ నమ్మడు. ఇదే సంస్థ పాత పట్టికలో కాల్షియం 344 అని ఉంటుంది. అందుకని ఏ అంకె రాసినా ఏ పుస్తకం, ఏ సంవత్సరం అన్నది పక్కనే రాయండి.

నాలుగోది పులుపు. "పులవని అంబలి ఒంటికి పట్టదు" అని నాయనమ్మ ఎప్పుడూ అంటుంది. మా హాస్టల్ పిల్లలకు ఆ పులుపు వాసనే నామోషీ. పుస్తకాల్లో చూస్తే, చోళ్ల వంటి గింజల్లో ఫైటిక్ ఆమ్లం అనేది ఉంటుందని, అది ఇనుము, కాల్షియం లాంటివి మన ఒంటికి అందకుండా పట్టి ఉంచుతుందని, నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా అది తగ్గుతుందని ఉంది. నాయనమ్మకు ఆమ్లం పేరు తెలియదు, సంగతి తెలుసు. ఈ ఒక్క ముక్క చదివి వినిపించాక మా పిల్లలు పులుపు వాసన గురించి మాట్లాడే తీరు మారింది.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. ఇదంతా రాస్తే ఏమొస్తుంది? ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ ఇవ్వడం మొదలైంది. మంచిదే. కానీ బడిలో గ్లాసులో ఇచ్చిన రాగి జావను మన పిల్లలు గొప్పగా తాగుతారు, ఇంట్లో కుండలోని చోడి అంబలిని దాచుకుంటారు. రెండూ ఒకే గింజ. ఒకదాని గురించి పోస్టర్లు ఉన్నాయి, పాఠాలు ఉన్నాయి. రెండో దాని గురించి రాసినవాళ్లు లేరు. మన అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి గుర్తింపు కావాలంటే ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలా చేస్తున్నారో కాగితం మీద చూపాలి. అంబలికి అలాంటి కాగితం మన ఇళ్లలో లేదు. నాయనమ్మల నోట్లో ఉంది.

విత్తనం సంగతీ అంతే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం వారు చంపావతి, శ్రీచైతన్య లాంటి మంచి చోడి రకాలు తయారుచేశారు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో వేల రకాల చోడి విత్తనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. కానీ ఏ విత్తనం ఏ చేనులో వేయాలి, ఏది అంబలికి బాగుంటుంది, ఏది రొట్టెకు బాగుంటుంది, ఏది కొత్తల పండుగకు ముందు చేతికొస్తుంది అన్న తెలివి చల్లని గదిలో పెట్టలేం. వండే మనిషి, వేసే మనిషి చెప్తేనే తెలుస్తుంది. ఒక విత్తనం వేయడం మానేసిన పదేళ్లకు దాని పేరు పోతుంది. పేరు పోయాక వెతకడానికి కూడా ఏమీ మిగలదు.

కాబట్టి రాయాలి. ఎలా రాయాలో నాలుగు చిట్కాలు చెప్పి ముగిస్తాం.

పెద్దవాళ్లు చెప్పిన మాటను వాళ్లు చెప్పినట్టే రాయండి. కువి మాట అయితే కువి మాటే, కొండ భాష అయితే కొండ భాషే, ఆదివాసీ ఒడియా అయితే అదే, తెలుగు లిపిలో రాసి పక్కన అర్థం ఇవ్వండి. 'తిరగలి పిడి'ని 'గ్రైండర్ హ్యాండిల్' అని మార్చకండి.

కొలతలు అడగండి, తర్వాత తూచండి. నాయనమ్మ 'మూడు దోసిళ్లు' అంది. ఆవిడ దోసిలి వేరు, మా దోసిలి వేరు. ఆవిడ చేతనే పోయించి, తూకం వేసి, దోసిళ్లూ గ్రాములూ రెండూ రాశాం. దోసిలి లేకపోతే ఆవిడ చెయ్యి పోతుంది, గ్రాములు లేకపోతే ఇంకొకరు వండలేరు.

అడగకుండా ఎవరి కష్టాన్నీ బయటపెట్టకండి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. మా అమ్మ రెండు చోట్ల దిద్దించింది. ఒకచోట, 'పేదరికం వల్ల' అని మేము రాసిన దాన్ని తీయించి, 'ఆ ఏడు వానలు ముందే పోవడం వల్ల, షావుకారు గింజలు పట్టుకుపోవడం వల్ల' అని రాయించింది. ఆ దిద్దుబాటుతో రాతకు బలం వచ్చింది.

చివరలో నినాదాలు వద్దు. 'కావున మనమందరం చిరుధాన్యాలు తిని ఆరోగ్యముగా ఉందాము' అని ముగించకండి. మీ కుండ దగ్గర చివరగా ఏం చూశారో అది రాసి ఆపేయండి.

ఇప్పుడు మీకు ఒక పని. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఐదు ప్రశ్నలు అడగండి. నీ చిన్నప్పుడు ఇది ఎవరు వండేవారు? అందరి తర్వాత ఎవరు తినేవారు? ఇది దొరకని రోజుల్లో ఏం తినేవారు? అప్పటికీ ఇప్పటికీ ఇందులో ఏం మారింది? ఇందులో వేసే గింజకో, ఆకుకో, దుంపకో నీకు తెలిసిన పేర్లన్నీ ఏమిటి? వచ్చిన జవాబులు రెండు పేజీలు రాయండి. ఒక్క సంగతైనా పుస్తకంలోనో, వ్యవసాయ కార్యాలయంలోనో, సంతలో గింజలమ్మే పెద్దమనిషి దగ్గరో సరిచూడండి. వచ్చే సంచికకు అవి సంఘానికి ఇవ్వండి. ఇంటికో వంట చొప్పున వస్తే అదే మన సొంత గెజిటీర్ అవుతుంది. అందులో రాసినవాళ్ల పేరు కింద చెప్పినవాళ్ల పేరు కూడా వేయమని సంఘం పెద్దలను ఈ వేదిక మీది నుంచే కోరుతున్నాం.

మా హాస్టల్ పిల్లలు ఇప్పటికి పద్దెనిమిది వంటలు రాశారు. ఆ నోటుబుక్కు ఈ రోజు తెచ్చాం, బల్ల మీద ఉంది. చూడండి, తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి. మీ ఊళ్లో వేరేలా చేస్తే పక్కన ఖాళీ వదిలాం, అక్కడ రాయండి.